హ్యూస్టన్ శివారులో ఇంటి ఏసీ మార్చేటప్పుడు: టన్నులు తగ్గించండి, యూనిట్ ఎత్తు పెంచండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: హ్యూస్టన్ శివారు కేటీలో 2008లో కట్టిన 2,400 చదరపు అడుగుల ఒకే అంతస్తు ఇల్లు. అటిక్‌లో (పైకప్పు కింది ఖాళీ చోటు) గ్యాస్ ఫర్నెస్ (ఇంటిని వేడిచేసే యంత్రం), దాని పక్కన కూలింగ్ కాయిల్, బయట 5 టన్నుల కండెన్సర్ (కంప్రెసర్ ఉండే బయటి యూనిట్), అన్నీ ఇల్లు కట్టినప్పటివే. 2017లో హార్వీ తుపాను వచ్చినప్పుడు నీళ్లు గడప దాకా వచ్చి ఆగాయి. 2024లో బెరిల్ తుపాను తర్వాత ఆరు రోజులు కరెంటు లేదు. ఇప్పుడు ఒక కంపెనీ మళ్లీ 5 టన్నులే, 18 సీర్2 (కరెంటు పొదుపు రేటింగ్, అంకె ఎంత పెద్దదైతే అంత ఆదా) ఇన్వర్టర్ సిస్టమ్‌కి (అవసరాన్ని బట్టి కంప్రెసర్ వేగం మారేది) కోట్ ఇచ్చింది. తీసుకోవాలా, ఇంకేమైనా చూడాలా అని అడిగారు.

నా సమాధానం: మార్చండి, కానీ ఆ కోట్ మీద సంతకం పెట్టకండి. మీ ఇంటికి 3.5 లేదా 4 టన్నులు సరిపోయే అవకాశం ఎక్కువ. రెండు స్పీడుల కండెన్సర్, 15 సీర్2 దరిదాపుల్లో ఉన్నది, వేరియబుల్ స్పీడ్ బ్లోయర్ (వేగం మారే ఫ్యాన్) ఉన్న గ్యాస్ ఫర్నెస్‌తో తీసుకోండి. మిగిలిన డబ్బును కండెన్సర్‌ని ఎత్తు మీద పెట్టించడానికి, దాన్ని బోల్టులతో బిగించడానికి, రిటర్న్ డక్ట్ (ఇంట్లోని గాలిని ఏసీకి తిరిగి చేర్చే గొట్టం) పెంచడానికి, సర్జ్ ప్రొటెక్టర్‌కి (ఒక్కసారిగా పెరిగే వోల్టేజీ నుంచి కాపాడేది), జనరేటర్ కనెక్షన్‌కి పెట్టండి. హరికేన్ దారిలో ఉన్న ఊళ్లో ఏసీ ఆయుష్షును డబ్బా మీద ఉన్న బ్రాండ్ కంటే ఈ పనులే ఎక్కువగా నిర్ణయిస్తాయి.

ముందుగా మీ పాత కండెన్సర్ మీద ఉన్న నేమ్‌ప్లేట్ చూడండి. 2010 జనవరికి ముందు పెట్టిన యూనిట్లలో చాలావాటిలో ఆర్-22 గ్యాస్ ఉంటుంది. దాని తయారీ, దిగుమతి అమెరికాలో 2020 జనవరి 1తో ఆగిపోయాయి. ఇప్పుడు దొరికేది పాత నిల్వలు, పాత యూనిట్ల నుంచి తీసి శుద్ధి చేసిన గ్యాస్ మాత్రమే. కాబట్టి లీకున్న ఆర్-22 సిస్టమ్‌లో గ్యాస్ నింపించుకుంటూ పోవడం దండగ. కండెన్సర్ ఒక్కటే మార్చి, అటిక్‌లో పాత కాయిల్ ఉంచేస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. 2025 జనవరి 1 నుంచి ఇళ్ల కోసం తయారవుతున్న కొత్త సెంట్రల్ సిస్టమ్‌లలో ఆర్-410ఎ బదులు ఆర్-454బి గానీ ఆర్-32 గానీ వస్తోంది. ఈ రెండింటికీ కాస్త మండే గుణం ఉంది. అందుకే వీటికి సరిపడే కాయిల్‌తో పాటు లీక్ సెన్సర్ ఉంటుంది. గ్యాస్ కారినట్టు గమనిస్తే సెన్సర్ కంప్రెసర్‌ని ఆపి బ్లోయర్‌ని తిప్పుతుంది. పాత కాయిల్‌తో ఆ రక్షణ ఉండదు, ప్రెషర్లూ కుదరవు. కోట్‌లో కండెన్సర్, కాయిల్, ఫర్నెస్ మూడింటి మోడల్ నంబర్లు, ఆ మూడూ కలిపి పరీక్షించినట్టు చూపే ఏహెచ్‌ఆర్‌ఐ (ఏసీ తయారీదారుల సంఘం) సర్టిఫికెట్ నంబరు ఉండాలి. అది లేని కోట్‌ని పక్కన పెట్టేయండి.

టన్నులు: ఇక్కడే ఎక్కువ మంది పొరపడతారు

ఇండియాలో పడకగదికి ఒకటిన్నర టన్ను పెట్టించుకున్న అలవాటుతో, ఇల్లంతటికీ 3.5 టన్నులంటే మనవాళ్లకి చిన్నగా అనిపిస్తుంది. ఇక్కడి సేల్స్‌మన్ కూడా 500 చదరపు అడుగులకి ఒక టన్ను అని నోటిలెక్క వేసి, ఉన్నదే మళ్లీ రాసిచ్చేస్తాడు. కానీ ఎక్కువ టన్నులంటే ఎక్కువ చల్లదనం కాదు. ముఖ్యంగా హ్యూస్టన్‌లో కాదు. ఇక్కడ వేసవిలో ఎండతో పాటు గాలిలో తేమతోనూ పోరాడాలి. కాయిల్ చల్లబడి, దాని మీద తేమ నీటిచుక్కలుగా పేరుకుని, డ్రెయిన్ పాన్‌లోకి కారడం మొదలవడానికే చాలా నిమిషాలు పడుతుంది. పెద్ద యూనిట్ పదే పది నిమిషాల్లో థర్మోస్టాట్ అంకెను అందుకుని ఆగిపోతుంది. కాయిల్ మీది నీళ్లు కిందికి కారకముందే మళ్లీ ఆవిరై ఇంట్లోకి వచ్చేస్తాయి. థర్మోస్టాట్ 74 (ఇక్కడ డిగ్రీలన్నీ ఫారెన్‌హీట్) చూపిస్తుంది, ఒళ్లు మాత్రం జిడ్డుగానే ఉంటుంది. మీరు 72కి, 70కి తగ్గిస్తారు. గ్రిల్స్ చుట్టూ సీలింగ్ మీద నల్లమచ్చలు వస్తాయి. పెద్ద ఏసీ ఉన్న ఇళ్లలో మాటిమాటికీ వినిపించే ఫిర్యాదు ఇదే.

సరైన లెక్క పేరు మాన్యువల్ జె. గోడలు, అటిక్ ఇన్సులేషన్, కిటికీలు ఏ దిక్కున ఎన్ని ఉన్నాయి, ఇంట్లో ఎంతమంది ఉంటారు అన్నీ గదిగదికీ వేసి, ఇంటికి గంటకు ఎన్ని బీటీయూల (వేడిని కొలిచే ప్రమాణం) చల్లదనం కావాలో తేలుస్తారు. 12,000 బీటీయూలు ఒక టన్ను. ఆ లెక్క కాగితం అడగండి. ఒక్క స్పీడు యూనిట్ అయితే లెక్కలో వచ్చిన దానికంటే 15 శాతం మించి పెద్దది పెట్టకూడదు.

మీరే ఇంట్లో కూర్చుని చేసుకోగల పరీక్ష ఒకటుంది. ఎండ 96, 97 డిగ్రీలున్న రోజు మధ్యాహ్నం 4 నుంచి 6 మధ్య, థర్మోస్టాట్ ముట్టుకోకుండా, బయటి యూనిట్ గంటలో ఎన్ని నిమిషాలు తిరిగిందో రాసుకోండి. యాప్ ఉన్న థర్మోస్టాట్ అయితే రన్‌టైమ్ అదే చూపిస్తుంది. 5 టన్నుల యూనిట్ గంటలో 40 నిమిషాలు తిరిగిందనుకోండి. 5ని 40తో గుణించి 60తో భాగిస్తే 3.3. అంటే అంత ఎండలో కూడా మీ ఇల్లు అడిగింది 3.3 టన్నులే. పాత యూనిట్ నేమ్‌ప్లేట్ మీదున్నంత చల్లదనం ఇవ్వదు కాబట్టి అసలు అవసరం ఇంకా తక్కువే ఉండొచ్చు. సరైన సైజు యూనిట్ అలాంటి సాయంత్రం దాదాపు ఆగకుండా తిరుగుతుంది. ఆగకుండా తిరుగుతోందంటే చెడిపోయిందని కాదు, సరిపోయిందని.

ఒక మినహాయింపు. అటిక్‌లో డక్ట్‌లు ఊడిపోయి, చల్లగాలి అక్కడే పోతుంటే ఈ పరీక్ష తప్పు అంకె ఇస్తుంది. అందుకే ముందు డక్ట్‌లు చూడాలి.

డక్ట్‌లు, రిటర్న్

అటిక్‌లో వేసవి మధ్యాహ్నం 130 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడిలో 17, 18 ఏళ్లు ఉన్న ఫ్లెక్స్ డక్ట్‌కి బయటి ప్లాస్టిక్ పొర పిగిలి, లోపలి ఇన్సులేషన్ నలిగిపోయి ఉంటుంది. కోట్ ఇచ్చేవాడు అటిక్ ఎక్కి చూడకుండా ధర చెబితే అది కోట్ కాదు. అతని చేత రెండు కొలతలు తీయించండి.

ఒకటి, స్టాటిక్ ప్రెషర్. మనిషికి బీపీ చూసినట్టు డక్ట్‌కి ఇది చూస్తారు. చాలా ఫర్నెస్‌లకి 0.5 అంగుళాల నీటిమట్టం (గాలి ఒత్తిడి కొలత) దాకా అనుమతి ఉంటుంది. 5 టన్నుల యూనిట్‌కి ఒకే ఒక్క రిటర్న్ గ్రిల్ పెట్టిన ఇళ్లలో 0.8, 0.9 కనిపించడం మామూలే. ఆ స్థితిలో 18 సీర్2 కొన్నా మీకు 18 రాదు. వేరియబుల్ స్పీడ్ మోటారు గాలి తోయలేక ఎక్కువ కరెంటు తాగుతుంది, రొద చేస్తుంది, తొందరగా కాలిపోతుంది.

రెండోది, రిటర్న్ వైశాల్యం. టన్నుకి సుమారు 200 చదరపు అంగుళాల ఫిల్టర్ కావాలి. 3.5 టన్నులకి 700. 20 బై 25 ఫిల్టర్ ఒక్కటే ఉంటే 500 మాత్రమే. మాస్టర్ బెడ్రూమ్‌లో ఇంకో రిటర్న్ వేయించండి, 20 బై 20 చాలు. టన్నులు తగ్గిస్తే ఉన్న డక్ట్‌లే సరిపోయే అవకాశం పెరుగుతుంది. తక్కువ టన్నులకి ఇదీ ఒక లాభం. గాలి పరిమాణం కూడా మామూలుగా పెట్టే టన్నుకి 400 సీఎఫ్‌ఎం (నిమిషానికి ఘనపుటడుగుల గాలి) కాకుండా 350 దగ్గర పెట్టించండి. ఈ తేమకి అదే మంచిది.

మన వంటిళ్ల గురించి కూడా చెప్పాలి. ఇక్కడ బిల్డర్లు పెట్టే హుడ్‌లలో చాలావరకు పొగని బయటికి పంపవు, జల్లెడ పట్టి మళ్లీ వంటింట్లోకే వదులుతాయి. రోజూ తాలింపు వేసే ఇంట్లో ఆ నూనె ఆవిరి రిటర్న్‌లోకి, అక్కడి నుంచి కాయిల్ రెక్కల మీదికి చేరి, దానికి దుమ్ము అంటుకుని మందపాటి పొరలా తయారవుతుంది. వంటింటి దగ్గర రిటర్న్ ఉంటే ఫిల్టర్ నెలకోసారి మార్చండి. వీలైతే హుడ్‌ని బయటికి తీయించండి.

ఎత్తు: గడప దాటని వరద కూడా కండెన్సర్‌ని ముంచుతుంది

మీ విషయంలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. కేటీ ఇళ్లలో ఇంటి స్లాబ్ (ఇంటి కింది కాంక్రీట్ పునాది) చుట్టుపక్కల నేల కంటే ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు ఎత్తులో ఉంటుంది. కండెన్సర్ మాత్రం నేల మీద మూడు, నాలుగు అంగుళాల దిమ్మె మీద కూర్చుంటుంది. అంటే గడప దాకా వచ్చి ఆగిన నీళ్లలో ఇల్లు పొడిగా ఉన్నా, కండెన్సర్ అడుగు భాగం మునిగే ఉంటుంది. కంప్రెసర్ ఉండేది ఆ అడుగునే. నీళ్లు కరెంటు టెర్మినళ్ల దాకా వెళ్తే పని అయిపోయినట్టే. బురద కాయిల్ రెక్కల్లో ఇరుక్కుని ఆరితే గాలి ఆడదు, రెండు మూడు వేసవుల్లో కంప్రెసర్ వేడెక్కి పోతుంది. 'హార్వీలో మా ఏసీకేం కాలేదు' అన్న ఇళ్లలో కొన్నిటికి ఆ తర్వాత రెండు మూడేళ్లలో జరిగేది ఇదే.

ఫెమా (అమెరికా విపత్తుల నిర్వహణ సంస్థ) వరద మ్యాపులో మీ ఇల్లు జోన్ ఎక్స్‌లో (వరద ముప్పు తక్కువని గుర్తించిన ప్రాంతం) ఉందని నిశ్చింతగా ఉండకండి. హార్వీ అప్పుడు బార్కర్ రిజర్వాయర్ వెనక సింకో ర్యాంచ్, క్యానియన్ గేట్ వైపు మునిగిన ఇళ్లలో చాలా వాటికి 100 ఏళ్ల వరద జోన్ (ఏటా ఒక శాతం వరద అవకాశం ఉన్న ప్రాంతం) ముద్ర లేదు. రిజర్వాయర్ కోసం ప్రభుత్వం కొన్న భూమి సుమారు 95 అడుగుల మట్టం దాకానే ఉంది. హార్వీలో నీళ్లు 101.6 అడుగుల దాకా నిలిచాయి. మీ ఇంటి ఎలివేషన్ సర్టిఫికెట్ (ఇంటి ఎత్తును కొలిచి ఇచ్చే పత్రం) ఉంటే స్లాబ్ మట్టం ఎంతో చూసుకోండి.

కండెన్సర్ అడుగు మీ స్లాబ్ మట్టానికి కనీసం 12 అంగుళాలు పైన ఉండాలి. అంటే నేల నుంచి 18 నుంచి 24 అంగుళాల స్టాండ్. వరద జోన్‌లో ఉన్న ఇంటికి స్థానిక నిబంధన ఇంతకంటే ఎక్కువ అడగొచ్చు. కేటీ అడ్రస్ ఉన్నా చాలా ఇళ్లు కేటీ నగర పరిధిలో ఉండవు. హారిస్, ఫోర్ట్ బెండ్, వాలర్ కౌంటీల్లో ఏదో ఒక దానిలో ఉంటాయి. పర్మిట్ ఎవరిస్తారో, ఎంత ఎత్తు అడుగుతారో ముందే కనుక్కోండి. స్టాండ్ వీధిలోకి కనిపిస్తే హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) అనుమతి కూడా తీసుకోండి.

స్టాండ్ రెండు రకాలుగా చేయిస్తారు. కాంక్రీట్ బ్లాకులు పేర్చి, లోపల కడ్డీలు వేసి కాంక్రీట్ నింపి, పైన నాలుగు అంగుళాల స్లాబ్ పోయడం ఒకటి. గాల్వనైజ్డ్ ఉక్కు స్టాండ్‌ని కింద పోసిన స్లాబ్‌కి బిగించడం రెండోది. ఇటుకలు పేర్చి దాని మీద ప్లాస్టిక్ ప్యాడ్ పెట్టి వెళ్లిపోతారు కొందరు. ఒప్పుకోకండి. ఇక్కడి బంకమట్టి వానకి ఉబ్బుతుంది, ఎండకి కుంగుతుంది. ఒకటి రెండేళ్లలో యూనిట్ పక్కకి ఒరిగి రాగిపైపు మీద బరువు పడుతుంది, అతుకు దగ్గర లీకు మొదలవుతుంది.

యూనిట్ ఎత్తితే దానితో పాటు ఎత్తాల్సినవి ఉంటాయి. గోడ మీదున్న డిస్‌కనెక్ట్ పెట్టె (యూనిట్‌కి కరెంటు ఆపే స్విచ్), దాని నుంచి యూనిట్‌కి వచ్చే కేబుల్, పక్కనున్న కరెంటు ప్లగ్. యూనిట్ రెండడుగులు ఎత్తి, డిస్‌కనెక్ట్‌ని నేలకి అడుగున్నర ఎత్తులో వదిలేస్తే డబ్బు దండగ. గోడకీ యూనిట్‌కీ మధ్య 12 అంగుళాలు, రిపేరు చేసే వైపు 24 నుంచి 30 అంగుళాలు, పైన అయిదడుగులు ఖాళీ ఉండాలి.

గాలికి పట్టు

ఎత్తు మీద పెట్టిన యూనిట్‌కి గాలి పోటు ఎక్కువ. నాలుగు మూలలా గాల్వనైజ్డ్ లేదా స్టెయిన్‌లెస్ క్లిప్పులు, ఒక్కో దాన్ని కాంక్రీట్‌లోకి దిగే యాంకర్ బోల్టుతో బిగించాలి. ప్లాస్టిక్ ప్యాడ్‌కి స్క్రూ వేస్తే పట్టు ప్యాడ్‌కే, నేలకి కాదు.

ఇక్కడ జరిగే పెద్ద తప్పు: క్లిప్పు పైభాగాన్ని యూనిట్ అంచుకి బిగించేటప్పుడు పొడుగు స్క్రూ వాడటం. రేకు వెనక అంగుళం లోపే కాయిల్ రాగిగొట్టం ఉంటుంది. స్క్రూ దాన్ని గీస్తుంది, వెంటనే లీకవదు. కంప్రెసర్ అదురుకి నెలల తరబడి రాసుకుని రాసుకుని చివరికి చిల్లు పడుతుంది. అప్పటికి ఎవరూ స్క్రూని అనుమానించరు. స్క్రూలు పొట్టివి, అర అంగుళం లేదా కాస్త ఎక్కువ, అడుగు పళ్లెం అంచుకి మాత్రమే వేయాలి. పని రోజు దగ్గరుండి చూడండి.

గాల్వెస్టన్ కౌంటీలోనో, హారిస్ కౌంటీలో 146వ హైవేకి తూర్పునో ఉన్నవాళ్లు, విండ్‌స్టార్మ్ ఇన్సూరెన్స్ (తుపాను గాలి నష్టానికి బీమా) కోసం పనికి సర్టిఫికెట్ కావాలా అని పని మొదలుపెట్టకముందే ఏజెంట్‌ని అడగాలి. ఉప్పుగాలికి కోటింగ్ వేసిన కాయిల్ కూడా వాళ్లకే. కేటీ సముద్రానికి దూరం, మీరు ఆ డబ్బు పెట్టక్కర్లేదు.

ఇన్వర్టర్ ఎందుకు వద్దన్నానంటే

ఇన్వర్టర్ చెడ్డదని కాదు. నెమ్మదిగా, ఎక్కువసేపు తిరిగి తేమ బాగా లాగుతుంది. కానీ దాని ప్రాణమంతా బయటి యూనిట్‌లో ఉన్న సర్క్యూట్ బోర్డులో ఉంటుంది. తుపాను తర్వాత కరెంటు వస్తూ పోతూ ఉన్నప్పుడు ముందు పోయేది అదే. ఒక్క స్పీడు, రెండు స్పీడుల యూనిట్‌లో కెపాసిటర్, కాంటాక్టర్ లాంటి చిన్న విడిభాగాలు పోతే ఏ టెక్నీషియన్ వ్యాన్‌లోనైనా ఉంటాయి, గంటలో అయిపోతుంది. ఇన్వర్టర్ బోర్డు ఆ బ్రాండ్‌దే, ఆ మోడల్‌దే కావాలి. ఊరంతా ఒకేసారి ఆర్డర్ పెట్టిన వారంలో దానికోసం ఎదురుచూడటం ఎలా ఉంటుందో బెరిల్ చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. రెండు స్పీడుల యూనిట్‌తో తేమ విషయంలో చాలా మేలు దక్కుతుంది, బోర్డు భయం తగ్గుతుంది.

కరెంటు ఆదా కూడా లెక్క వేసుకోండి. ఏడాదికి చల్లదనానికే 1,000 డాలర్లు అవుతోందనుకుంటే, 15.2 సీర్2 నుంచి 18కి వెళ్తే మిగిలేది ఏడాదికి సుమారు 155 డాలర్లు. రెండు కోట్‌ల మధ్య తేడాని దీనితో భాగిస్తే ఎన్నేళ్లు పడుతుందో తెలుస్తుంది. హ్యూస్టన్ ఉన్న దక్షిణ ప్రాంతంలో 2023 నుంచి చట్టప్రకారం కనీసం 14.3 సీర్2 ఉండాలి, 45,000 బీటీయూలు, ఆపైన ఉన్నవాటికి 13.8. సేల్స్‌మన్ ఫెడరల్ ట్యాక్స్ క్రెడిట్ వస్తుందంటే నమ్మకండి. ఇంటి కరెంటు పొదుపు పనులకి ఇచ్చిన ఆ 25సి పన్ను రాయితీ 2025 డిసెంబర్ 31తో ముగిసింది.

హీట్ పంప్ (చలికాలంలో తిరగేసి నడిచి ఇంటిని వేడిచేసే ఏసీ) గురించి కూడా చాలామంది అడుగుతున్నారు. మీకు గ్యాస్ లైన్ ఉంది కాబట్టి ఫర్నెస్ ఉంచుకోండి. చలిలో కరెంటు పోతే ఫర్నెస్ బ్లోయర్‌కి 600, 700 వాట్లు చాలు, చిన్న జనరేటర్ లాగుతుంది. హీట్ పంప్‌లోని ఎలక్ట్రిక్ స్ట్రిప్‌లకి 10,000 వాట్ల దాకా కావాలి. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో గ్యాస్ ఉన్న ఇళ్లకీ లేని ఇళ్లకీ తేడా అక్కడే తెలిసింది.

కరెంటు పోయిన రోజులకి

2024 జులై 8న బెరిల్ వచ్చినప్పుడు హ్యూస్టన్ ప్రాంతంలో 22 లక్షలకు పైగా కనెక్షన్లకి కరెంటు పోయింది, కొందరికి వారం దాటాక గానీ రాలేదు. కాబట్టి ఏసీ మారుస్తున్నప్పుడే జనరేటర్ సంగతి తేల్చుకోండి.

3.5 టన్నుల యూనిట్ తిరిగేటప్పుడు నాలుగు కిలోవాట్ల లోపే తీసుకుంటుంది, కానీ మొదలయ్యే క్షణంలో సుమారు 100 ఆంపియర్లు లాగుతుంది. జనరేటర్ కుప్పకూలేది ఆ క్షణంలోనే. సాఫ్ట్ స్టార్టర్ (కంప్రెసర్‌ని నెమ్మదిగా మొదలుపెట్టే పరికరం) పెట్టిస్తే ఆ గుంజుడు సగానికి పైగా తగ్గుతుంది. కొత్త యూనిట్ వారంటీ పోకుండా తయారీదారు ఒప్పుకునే మోడలే పెట్టించి, ఆ సంగతి కోట్‌లో రాయించండి. ప్యానెల్ దగ్గర ఇంటర్‌లాక్ (వీధి కరెంటు, జనరేటర్ రెండూ ఒకేసారి కలవకుండా ఆపేది), బయట గోడకి ఇన్‌లెట్ (జనరేటర్ తీగ తగిలించే ప్లగ్) కావాలి. 30 ఆంపియర్ల ఎల్14-30 ఇన్‌లెట్ మీద 7,200 వాట్లు వస్తాయి. ఇంటర్‌లాక్ లేకుండా డ్రైయర్ ప్లగ్ లోంచి ఇంటికి కరెంటు ఎక్కించే పని ఎన్నడూ చేయకండి. ఆ కరెంటు వీధి లైన్‌లోకి వెళ్లి, అక్కడ పనిచేస్తున్న లైన్‌మన్ ప్రాణం తీస్తుంది. జనరేటర్ ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, పొగ గొట్టం ఇంటి వైపు కాకుండా ఉండాలి. గ్యారేజీలో తలుపు తెరిచిపెట్టినా సరే, వద్దు.

అయితే పెట్రోలు లెక్క కూడా వినండి. 7,500 వాట్ల జనరేటర్ సగం లోడు మీద రోజుకి 17, 18 గ్యాలన్లు తాగుతుంది. బంకుల దగ్గర క్యూలున్న వారంలో అది ఆరు రోజులు కుదరదు. అందుకే నా సలహా: 8,000 బీటీయూల కిటికీ ఏసీ ఒకటి కొని గ్యారేజీలో పెట్టుకోండి. అది 700 వాట్లే తీసుకుంటుంది. 2,200 వాట్ల ఇన్వర్టర్ జనరేటర్ దాన్నీ ఫ్రిజ్‌నీ కలిపి రోజుకి నాలుగైదు గ్యాలన్లతో నడిపిస్తుంది. పిల్లలు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు అందరూ ఒకే గదిలో పడుకుంటే ఆ వారం గడుస్తుంది. ఇంటి పెద్ద ఏసీని జనరేటర్ మీద నడపగలగడం మంచిదే, కానీ దాని మీదే ఆధారపడకండి. నేచురల్ గ్యాస్ స్టాండ్‌బై జనరేటర్ పెట్టించుకునే స్తోమత ఉంటే ఈ గొడవే లేదు.

సర్జ్ ప్రొటెక్టర్ రెండు చోట్ల: మెయిన్ ప్యానెల్ దగ్గర ఒకటి, కండెన్సర్ డిస్‌కనెక్ట్ దగ్గర ఇంకొకటి.

పని రోజున దగ్గరుండి చూడాల్సినవి

రాగి పైపులు పాతవే వాడొచ్చు, సైజు కొత్త యూనిట్‌కి కుదిరితే, లోపల శుభ్రం చేస్తే. 3.5, 4 టన్నులకి సాధారణంగా పెద్దది 7/8 అంగుళం, చిన్నది 3/8. గోడలోంచి వెళ్లే పైపు మార్చడం కష్టం కాబట్టి చాలామంది ఉంచేస్తారు. అతుకు వేసేటప్పుడు పైపులో నెమ్మదిగా నైట్రోజన్ పారుతూ ఉండాలి, లేకపోతే లోపల నల్లటి మసి పొరలు కట్టి వాల్వులో అడ్డంపడతాయి. తర్వాత నైట్రోజన్‌తో కాయిల్ మీద రాసిన పరిమితి దాటకుండా ప్రెషర్ ఎక్కించి, కనీసం అరగంట ముల్లు కదలకుండా ఉందో చూడాలి.

ఆపైన వాక్యూమ్, అంటే పైపుల్లోని గాలినీ తడినీ పంపుతో లాగేయడం. టెక్నీషియన్ దగ్గర డిజిటల్ మైక్రాన్ గేజ్ (వాక్యూమ్‌ని కొలిచే మీటరు) ఉందా అని అడగండి, లేదంటే పని ఆపించండి. అంకె 500 కిందికి దిగాక పంపు వాల్వు మూసేసి పది నిమిషాలు గేజ్ వైపే చూడాలి. 400 నుంచి 600, 700 దాకా పాకి ఆగిపోతే బాగున్నట్టు. 1,500 దాటి అక్కడ ఆగితే లోపల ఇంకా తడి ఉంది. ఆగకుండా ఎక్కుతూనే ఉంటే ఎక్కడో లీకుంది. ఆ పది నిమిషాలు ఓపిక పట్టనివాడు మీ కంప్రెసర్ ఆయుష్షుని సగం చేసి వెళ్తాడు. గ్యాస్‌ని తూకం ప్రకారం ఎక్కించి, సబ్‌కూలింగ్ అంకెతో (గ్యాస్ సరిపడా ఉందో చెప్పే కొలత) సరిచూసి, ఆ రెండూ బిల్లు మీద రాయాలి.

బ్రేకర్. పాత 5 టన్నుల యూనిట్‌కి 50 ఆంపియర్ల బ్రేకర్ ఉండి ఉంటుంది. కొత్త 3.5 టన్నుల యూనిట్ నేమ్‌ప్లేట్ మీద గరిష్ఠ బ్రేకర్ 35 అనో 40 అనో ఉండొచ్చు. అప్పుడు బ్రేకర్ మార్చి తీరాలి. మార్చకపోతే ఇన్‌స్పెక్షన్ ఫెయిల్, యూనిట్‌కి రక్షణా ఉండదు. మర్చిపోవడం చాలా మామూలు.

డ్రెయిన్. తేమ రోజుల్లో మీ కాయిల్ నుంచి గంటకి గ్యాలన్ దాకా నీళ్లు కారతాయి, అదంతా మీ పడకగది సీలింగ్ పైనే. 3/4 అంగుళం పీవీసీ పైపు, అడుగుకి కనీసం 1/8 అంగుళం వాలు, ట్రాప్ (నీళ్లు నిలిచి గాలిని ఆపే వంపు), శుభ్రం చేసుకునే మూత ఉండాలి. కింద కొత్త పాన్, ఆ పాన్‌లో నీళ్లు చేరగానే ఏసీని ఆపే ఫ్లోట్ స్విచ్ పెట్టించండి. పాన్‌లో బకెట్ నీళ్లు పోసి, స్విచ్ నిజంగా ఏసీని ఆపుతుందో లేదో వాళ్లు వెళ్లకముందే చూడండి. కిటికీ పైన గోడలోంచి వచ్చిన చిన్న గొట్టం నుంచి ఎప్పుడైనా నీళ్లు కారితే అసలు డ్రెయిన్ మూసుకుందని అర్థం.

పని ముగిశాక థర్మోస్టాట్‌లో ఫ్యాన్‌ని 'ఆటో'లోనే ఉంచండి, 'ఆన్'లో పెడితే కాయిల్ మీది తడి మళ్లీ ఇంట్లోకే వస్తుంది. బయటికి వెళ్లేటప్పుడు ఏసీ పూర్తిగా ఆపేసే మన అలవాటు ఇక్కడ నష్టం. మూడు నాలుగు డిగ్రీలు పెంచి వదిలేయండి, చాలు.

ఎవరితో, ఎప్పుడు

హరికేన్ సీజన్ జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా. ఫిబ్రవరి, మార్చిలో పని పెట్టుకుంటే టెక్నీషియన్లకి తీరిక ఉంటుంది, బేరమాడే వీలూ ఉంటుంది. టెక్సాస్‌లో ఏసీ కాంట్రాక్టర్‌కి టీడీఎల్‌ఆర్ (రాష్ట్ర లైసెన్సుల శాఖ) లైసెన్స్ ఉండాలి. టీఏసీఎల్‌ఏ గానీ టీఏసీఎల్‌బీ గానీ మొదట్లో ఉండే ఆ నంబరు వ్యాన్ మీద, కోట్ మీద కనిపించాలి. టీడీఎల్‌ఆర్ సైట్‌లో కొట్టి చూస్తే ఇంకా చెల్లుతోందో లేదో తెలుస్తుంది. మూడు కోట్‌లు తీసుకోండి, రెండింటి మధ్య అయిదారు వేల డాలర్ల తేడా వచ్చినా ఆశ్చర్యపోకండి. ఇన్‌స్పెక్షన్ అయ్యేదాకా చివరి వాయిదా ఇవ్వకండి. పని అయ్యాక వారంటీ మీ పేరు మీద రిజిస్టర్ చేయించుకోండి. చాలా బ్రాండ్లలో 60 రోజుల్లోపు చేస్తే విడిభాగాలకి పదేళ్లు, చేయకపోతే అయిదేళ్లే.

వరద ఇన్సూరెన్స్ లేకపోతే ఇప్పుడే తీసుకోండి. మామూలు హోమ్ ఇన్సూరెన్స్ వరదకి వర్తించదు. ఎన్‌ఎఫ్‌ఐపీ (ప్రభుత్వ వరద బీమా పథకం) పాలసీ తీసుకున్నాక సాధారణంగా 30 రోజులకి గానీ అమల్లోకి రాదు. తుపాను గల్ఫ్‌లోకి వచ్చాక కొంటే లాభం లేదు. పని అయిన రోజే నేమ్‌ప్లేట్లు, సీరియల్ నంబర్లు, స్టాండ్ ఎత్తు టేపు పెట్టి ఫోటోలు తీసి ఉంచుకోండి.

తుపాను వచ్చే ముందురోజు ఇంటిని 70కి చల్లబరచండి. గాలి మొదలవగానే ఏసీ బ్రేకర్లు రెండూ, లోపలిదీ బయటిదీ, ఆపేయండి. కరెంటు తిరిగొచ్చాక పావుగంట నిలకడగా ఉందో చూసి అప్పుడు వేయండి. నీళ్లు యూనిట్ అడుగు దాటాయని మరక కనిపిస్తే మాత్రం వేయకండి, ముందు టెక్నీషియన్ చూడాలి. మునిగిన బోర్డుకి, కాంటాక్టర్‌కి కరెంటు ఇస్తే మిగిలింది కూడా కాలిపోతుంది. గ్యాస్ ఫర్నెస్ కంట్రోళ్లు నీళ్లలో మునిగితే బాగుచేయడం ఉండదు, మార్చడమే. మీది అటిక్‌లో ఉంది కాబట్టి ఆ బెంగ లేదు.

ఈ వేసవిలో ఒక మంచి ఎండ రోజు చూసి ఆ రన్‌టైమ్ పరీక్ష చేయండి. ఎన్ని నిమిషాలు తిరిగిందో, అప్పుడు బయట ఎన్ని డిగ్రీలుందో, ఇంట్లో రిటర్న్ గ్రిల్స్ ఎన్ని, వాటి సైజులేంటో రాస్తే 3.5 నా 4 నా అన్నది ఇంకా కచ్చితంగా చెప్పగలను.